కురిచీబా బస్సు, జైమీ లెర్నర్ నగరం

1972 మే నెల. ఒక శుక్రవారం సాయంత్రం దుకాణాలు కట్టేసే వేళకి, బ్రెజిల్ దక్షిణాన ఉన్న కురిచీబాలో పురపాలక సిబ్బంది పలుగులూ పారలూ పట్టుకుని ఊళ్లోని ప్రధాన వర్తక వీధిలోకి దిగారు. సోమవారం సాయంత్రానికి ఆ వీధిలో కార్లు తిరిగే రోడ్డు లేదు. నడిచేవాళ్లకు రాళ్లు పరిచిన బాట, పూలకుండీలు, బెంచీలు, దీపస్తంభాలు వచ్చాయి. 72 గంటల్లో పని ముగిసింది. వర్తకులు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకునే వ్యవధి ఇవ్వకూడదనే అంత తొందరపడ్డామని మేయరు తర్వాత దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. కొద్దిరోజులకే బేరాలు పెరిగాయి. గోల చేసిన వర్తకులే మిగతా వీధిని కూడా అలాగే చేయమని అడిగారు. కార్ల క్లబ్బువాళ్లు బండ్లు తోలుకొచ్చి వీధిని మళ్లీ ఆక్రమిస్తామంటే, పోలీసులను పిలవకుండా వీధి పొడవునా కాగితం పరిచి, పిల్లలను కూర్చోబెట్టి బొమ్మలు వేయించారు. అది ఇప్పటికీ 'పూల వీధి'గానే జనం నోళ్లలో ఉంది.

ఆ మేయరు జైమీ లెర్నర్. అప్పటికి వయసు 34. చదివింది ఆర్కిటెక్చర్. నగర పునరుద్ధరణ మీద వచ్చిన పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో ఈ కథ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. చెప్పేవాళ్లు చాలామంది ఒక సంగతి మాత్రం దాటేస్తారు. లెర్నర్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఓటర్లు కారు. 1964లో సైన్యం కుట్రచేసి బ్రెజిల్ పాలనను చేజిక్కించుకుంది. ఆ తర్వాత రాష్ట్ర రాజధానులకు మేయర్లను పైనుంచి నియమించడమే. పరానా రాష్ట్ర రాజధాని అయిన కురిచీబాకు 1971లో లెర్నర్ అలా వచ్చినవాడే. వచ్చే ఎన్నికల భయం ఉన్న మేయరు ఎవరూ మూడు రోజుల్లో బజారు వీధిని తవ్వించడు. ఆ తవ్వకం వల్ల ఊరు బాగుపడిందన్నదీ కాదనలేం. ఆయన వృత్తి జీవితాన్ని బేరీజు వేయాలంటే ఈ రెండింటిలో ఏదీ వదలడానికి వీల్లేదు.

లెర్నర్ 1937లో కురిచీబాలోనే, పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టాడు. 1964లో అక్కడి ఫెడరల్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్కిటెక్టుగా బయటికొచ్చాడు. అప్పటికే ఆ ఊరికి ఒక పాత ప్లాను ఉంది. 1943లో అల్ఫ్రెడ్ అగాష్ అనే ఫ్రెంచి ప్లానర్ గీసిచ్చినది. నడిబొడ్డు చుట్టూ వలయాలు వలయాలుగా విశాలమైన రోడ్లు వేయాలన్నది ఆయన ఊహ. డబ్బు చాలక అందులో చాలాభాగం కాగితం దాటలేదు. ఊరు మాత్రం దాని పాటికది పెరుగుతూ పోయింది. 1960ల మధ్యలో కొత్త ప్లాను కోసం పోటీ పెడితే, సావోపావ్లోకి చెందిన జార్జి విల్‌హైమ్ బృందం గెలిచింది. ఆ ప్లానుకు స్థానికంగా మెరుగులు దిద్దడానికి ఏర్పడిన బృందమే 1965 డిసెంబరులో 'ఇప్పుక్' అనే నగర పరిశోధన, ప్రణాళికా సంస్థ అయింది. లెర్నర్ అందులో మొదటినుంచీ ఉన్నాడు. మేయరు కాకముందే దానికి అధ్యక్షుడయ్యాడు. కనక ఆయన మేయరు కుర్చీలో కూర్చునేసరికి, ఏం చేయాలన్నది 1966 నాటి ప్లాను రూపంలో బల్ల మీద సిద్ధంగా ఉంది.

కురిచీబా గురించి తెలుసుకోవలసిన అసలు విషయం ఈ ప్లానులోనే ఉంది. చూడచక్కని బస్సుస్టాపు ఫొటోల్లో అది కనపడదు. ఊరు అన్ని వైపులకూ ఒకే తీరుగా వ్యాపించకుండా, కొన్ని తిన్నని దారుల వెంట మాత్రమే ఎత్తుగా, ఒత్తుగా పెరగాలని వాళ్లు నిర్ణయించారు. ఒక్కో దారికీ అరవై మీటర్ల వెడల్పు కావాలని తొలి ఆలోచన. అంత వెడల్పు కావాలంటే వరసగా ఇళ్లు కూల్చాలి, నష్టపరిహారాలివ్వాలి. ఇప్పుక్ వాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. ఒకే రోడ్డు మీద పడే పనిని, పక్కపక్కనే సమాంతరంగా ఉన్న మూడు పాత రోడ్లకు పంచారు. మధ్య రోడ్డులో నడిమి వరుసలు పూర్తిగా బస్సులవి; వాటికి అటూ ఇటూ దుకాణాలకు, ఇళ్లకు చేరుకోవడానికి నెమ్మదిగా వెళ్లే వరుసలు. ఒక బ్లాకు అవతల ఊళ్లోకి వచ్చే వన్‌వే, ఇంకోవైపు ఒక బ్లాకు అవతల ఊరి బయటికి వెళ్లే వన్‌వే. కార్ల వేగం ఆ రెండింటి మీదా ఉంటుంది. ఎత్తయిన భవనాలకు అనుమతి ఈ మూడు రోడ్ల పట్టీలోనే. దాన్నుంచి దూరం వెళ్లినకొద్దీ అంతస్తులు తగ్గిపోతాయి. ఆకాశం నుంచి తీసిన ఫొటో చూస్తే బస్సు దారులు ఎక్కడున్నాయో మేడల వరుసే చెప్పేస్తుంది.

దీనివల్ల బస్సుకు జనం కొరత రాదు. దారి పక్కనే వేలమంది కాపురముంటారు, పనిచేస్తారు. బస్సు నిండుతుంది కాబట్టి వెంటవెంటనే తిప్పవచ్చు, వెంటవెంటనే వస్తుంది కాబట్టి జనం దాన్ని నమ్ముతారు. మొదటి ఎక్స్‌ప్రెస్ బస్సులు 1974లో ఉత్తర దక్షిణ దారి మీద కదిలాయి. తర్వాత దారులు ఐదయ్యాయి. కూల్చకుండా ఊరిని మార్చడం అనే మాట ఇప్పుడు ఆర్కిటెక్చర్‌లో పెద్ద ఫ్యాషన్. కురిచీబాలో దాన్ని డబ్బు లేక చేశారు. బడ్జెట్లో ఒక సున్నా కొట్టేస్తే ఆలోచన పుడుతుందని లెర్నర్ జీవితాంతం చెబుతూ వచ్చాడు. ఇలాంటి మాటలు చెప్పడంలో ఆయనకు సరదా ఎక్కువ. ఈ ఒక్కటి మాత్రం చేసి చూపించి అన్నది.

బస్సు నడిపే ఏర్పాటు గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. మనకు పనికొచ్చే సంగతులు ఎక్కువగా ఉన్నదిక్కడే. బస్సులు ప్రైవేటు కంపెనీలవి. రూట్లు, వేళలు, ఛార్జీలు నిర్ణయించేది నగర సంస్థ. వసూలైన డబ్బంతా ఒక ఖాతాలో పడుతుంది. కంపెనీలకు ఎన్ని కిలోమీటర్లు తిప్పారన్న లెక్కమీద చెల్లించే పద్ధతి పెట్టారు. దాంతో లాభమున్న రూటు కోసం ఎగబడటం, జనాన్ని ఎక్కించుకోవడానికి స్టాపు దగ్గర రెండు బస్సులు పోటీపడటం తగ్గుతాయి. 1980 నుంచి ఎంత దూరమైనా ఒకటే ఛార్జీ. టెర్మినల్ లోపల బస్సు మారితే మళ్లీ టికెట్ అక్కర్లేదు. ఊరి చివర అద్దె తక్కువని ఉండే కూలీ దూరప్రయాణం ఖర్చులో కొంత, నడిబొడ్డున నాలుగు స్టాపులు వెళ్లే గుమాస్తా భరిస్తాడన్నమాట. మన దగ్గర స్టేజీల లెక్కన ఛార్జీ పెరిగే పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు.

ఫొటోల్లో అందరూ చూసే గాజు గొట్టాల స్టాపులు వచ్చింది బాగా ఆలస్యంగా, 1991లో. ప్రయాణంలో బస్సు ఎక్కువ సమయం పోగొట్టుకునేది రోడ్డు మీద కాదు, స్టాపు దగ్గర. మెట్లెక్కడం, చిల్లర తీయడం, టికెట్ చింపడం... మన సిటీ బస్సు ఎక్కినవాళ్లకు వివరించనక్కర్లేదు. గొట్టంలోకి వెళ్లేటప్పుడే డబ్బు కట్టేస్తారు. లోపలి నేల బస్సు నేలతో సమానమైన ఎత్తులో ఉంటుంది. బస్సు ఆగగానే తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి, వాటి కింద చిన్న వంతెనలా పలక దిగుతుంది. ముసలివాళ్లు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కవచ్చు. మరుసటి ఏడాది వోల్వో వాళ్ల మూడు పెట్టెల పొడుగాటి బస్సు వచ్చింది. ఒక్కదాంట్లో 270 మంది పడతారు. గొట్టం స్టాపు గీసినది ఆర్కిటెక్టు అబ్రావ్ అసాద్; పూల వీధి బెంచీలూ దీపాలూ ఆయన పనే. పేరు లెర్నర్‌ది అయినా చేతులు చాలామందివి. పార్కులకు హితోషి నకమురా, రవాణాకు కార్లోస్ సెనెవీవా. తారలను మాత్రమే గుర్తుపెట్టుకునే మన అలవాటు ఇలాంటి వాళ్లకు అన్యాయం చేస్తుంది.

పాత కట్టడాలకు కొత్త ఊపిరి పోయడమే నగర పునరుద్ధరణ అనుకునేవాళ్లకు కూడా కురిచీబాలో చూపించడానికి చాలా ఉన్నాయి. వాడకం లేని మందుగుండు కొట్టు 1971 డిసెంబరులో 'పాయోల్' అనే చిన్న నాటకశాల అయింది. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంటలో 1992లో ఉక్కు గొట్టాలతో, గాజుతో వైర్ ఒపెరా అనే ప్రదర్శనశాల లేచింది; దాని ఆర్కిటెక్టు దొమింగోస్ బొంజెస్తాబ్స్. పాత భవనాన్ని కూల్చకుండా ఉంచుకున్న యజమాని, అక్కడ కట్టుకోని అంతస్తుల హక్కును ఇంకోచోట కట్టుకునేవాళ్లకు అమ్ముకోవచ్చు. మన మున్సిపల్ ఆఫీసుల్లో టీడీఆర్ అని వినిపించే పద్ధతే ఇది. నాకు వైర్ ఒపెరా కన్నా బారిగి పార్కు గొప్పగా కనిపిస్తుంది. బారిగి నది వరదొచ్చినప్పుడల్లా ఊరిమీద పడేది. దాన్ని సిమెంటు కాలవగా బిగించకుండా, ఒడ్డున ఉన్న భూమిని సేకరించి చెరువు తవ్వి చుట్టూ పార్కు పెట్టారు. వరద నీళ్లు చెరువులో ఆగుతాయి, మిగతా రోజుల్లో జనం తిరుగుతారు. వరద నివారణకని వచ్చిన నిధులతోనే పార్కు కూడా వచ్చింది. గడ్డి కోయడానికి యంత్రాలు కొనకుండా గొర్రెలను మేపారు. అయితే నది ఒడ్డున గుడిసెలు వేసుకున్న వాళ్లను లేపి ఎక్కడికి పంపారన్న ప్రశ్న ఈ పార్కుల చరిత్ర పొడవునా ఉంది. పొగిడే పుస్తకాల్లో దానికి దొరికే చోటు ఒక వాక్యం.

చెత్త పథకం గురించి క్లుప్తంగా. మురికివాడల ఇరుకు సందుల్లోకి చెత్తబండి వెళ్లలేదు. జనమే చెత్త తెచ్చి ఇస్తే బస్సు టికెట్లు ఇచ్చారు. 1991 నుంచి నాలుగు కిలోల పునర్వినియోగపు చెత్తకు ఒక కిలో కూరగాయలో పళ్లో ఇచ్చారు. అవి చుట్టుపక్కల రైతుల దగ్గర అమ్ముడుపోక మిగిలినవి. తెలివైన ఏర్పాటు, అందులో సందేహం లేదు. పేదరికం తగ్గించే పథకమని కొందరు చేసే ప్రచారం మాత్రం అతిశయోక్తి.

లెర్నర్‌కి నియామకం మీద రెండుసార్లు మేయరు పదవి దొరికింది, 1971లో ఒకసారి, 1979లో ఒకసారి. సైనిక పాలన ముగిసి 1985లో మేయర్ల ఎన్నికలు మళ్లీ మొదలయ్యాక ఆయన జనం దగ్గరికి వెళ్లాడు. ఓడిపోయాడు. రొబెర్తో రెకియావ్ చేతిలో, కొద్ది తేడాతో. 1988లో పోలింగుకు 12 రోజుల ముందు బరిలోకి దిగి గెలిచాడు. నియంతృత్వం పెట్టిన మేయరని ఆయనను కొట్టిపారేయాలనుకునే వాళ్లకు ఈ గెలుపు ఇబ్బంది కలిగిస్తుంది. అన్నీ ప్రజామోదంతో చేశాడనేవాళ్లకు ఆ ఓటమి ఇబ్బంది. నా మట్టుకు ఇంకో సంగతి ముఖ్యమనిపిస్తుంది. ఆయన లేని సంవత్సరాల్లోనూ, ప్రతిపక్షం పాలించిన ఐదారేళ్లలోనూ ఇప్పుక్ మూతపడలేదు, ప్లాను మారలేదు. తర్వాత మేయర్లయిన రఫాయెల్ గ్రేకా, కాసియో తనిగూచి ఆ పాఠశాలలోంచి వచ్చినవాళ్లే. నగరం మూడు దశాబ్దాల పాటు ఒకే గీత పట్టుకుని నడవడం అరుదైన సంగతి.

ఇక దీనిమీద వచ్చిన రాతలు. పర్యావరణవాదులు కురిచీబాను దాదాపు భక్తితో చూశారు. అమెరికన్ రచయిత బిల్ మెక్‌కిబెన్ 1995లో తెచ్చిన పుస్తకంలో ఆశ కలిగించే చోట్లుగా కురిచీబానూ మన కేరళనూ పక్కపక్కన పెట్టాడు. 1999లో పాల్ హాకెన్, ఎమొరీ లోవిన్స్, హంటర్ లోవిన్స్ రాసిన 'నేచురల్ క్యాపిటలిజం' ఒక అధ్యాయం దీనికే కేటాయించింది. బ్రెజిల్ పండితుల గొంతు వేరు. ఫెర్నాండా సాంచెస్ 1997లో దీన్ని ప్రదర్శన నగరమని పిలిచింది. ప్రభుత్వం తన ఊరి బొమ్మను ఊరివాళ్లకే అమ్మిందని, ఆ బొమ్మలో పట్టని పేదలు కనపడకుండా పోయారని ఆమె వాదన. 2000లో డెనిసన్ దె ఒలివేరా ఇంకో అడుగు ముందుకేశాడు. ప్లాను సాగింది నిపుణుల మేధస్సు వల్ల కాదని, బస్సు కంపెనీలకూ భూముల వ్యాపారులకూ పరిశ్రమలకూ అందులో లాభం ఉంది కనకనేనని చెప్పాడు. ఇందులో బలముంది. ఎత్తు కట్టుకోవచ్చని గీత గీసిన చోట భూమి ధర పెరుగుతుంది, అక్కడ పేదవాడు ఉండలేడు. బస్సు దారి పక్కన మధ్యతరగతి చేరింది; బస్సు ఎక్కువ అవసరమైనవాళ్లు ఊరి అంచులకూ, పక్క మునిసిపాలిటీలకూ నెట్టబడ్డారు. కానీ లాభం ఉన్నంత మాత్రాన ఎవరూ మంచి ప్లాను గీయరు. అవే స్వార్థాలు సావోపావ్లోలోనూ ఉన్నాయి, అక్కడ ఇలాంటి ఊరు రాలేదు. ఒలివేరా వాదనకు ఈ ప్రశ్న దగ్గర జవాబు దొరకదు.

ఆరాధకులు అస్సలు మాట్లాడనిది 1995 నుంచి 2002 దాకా లెర్నర్ పరానా గవర్నరుగా ఉన్న కాలం. బస్సుతో పేరు తెచ్చుకున్న మనిషి రాష్ట్రానికి తెచ్చింది కార్ల ఫ్యాక్టరీలు. రెనో, ఫోక్స్‌వ్యాగన్-ఆడీ కంపెనీలు కురిచీబా శివార్లలో దిగాయి. రాష్ట్ర బ్యాంకును 2000లో అమ్మేశాడు. విద్యుత్ సంస్థను కూడా అమ్మబోతే జనం తిరగబడ్డారు, ఆ ప్రయత్నం ఆగిపోయింది. హైవేల మీద టోల్‌గేట్లు వెలిశాయి. రాష్ట్రం కోశాగారం ఒక బ్లాకు పొడవున్న వీధి కాదు. అక్కడ 72 గంటల ఉపాయాలు పనిచేయలేదు. ఆయన మళ్లీ ఏ ఎన్నికకూ నిలబడలేదు. అంతర్జాతీయ ఆర్కిటెక్టుల సమాఖ్యకు 2002లో అధ్యక్షుడై మూడేళ్లు ఉన్నాడు. 2003లో 'నగరానికి ఆక్యుపంక్చర్' అన్న అర్థమొచ్చే పుస్తకం వేశాడు. పెద్ద ప్లాన్ల కోసం కూర్చోకుండా, సరైన చోట చిన్న పని చేస్తే దాని చుట్టూ ఊరు కోలుకుంటుందని అందులో చెప్పాడు. చదవడానికి హాయిగా ఉంటుంది. దాన్ని చదివి వచ్చిన మేయర్లకు మాత్రం నష్టమే చేసిందనుకుంటాను. కురిచీబాలో సూదులు పనిచేశాయంటే, వాటి వెనక 1966 నుంచి కదలని ప్లాను ఉంది. తన పనిలో గట్టి భాగాన్ని దాచి, తేలిక భాగాన్ని ప్రపంచానికి పంచిపెట్టిన రచయిత ఆయన.

1970లో ఆరు లక్షలున్న కురిచీబా జనాభా 2010 నాటికి పదిహేడున్నర లక్షలు. తలసరి కార్ల సంఖ్యలో బ్రెజిల్ నగరాల్లో ముందు వరసలో ఉన్న ఊరు ఇప్పుడది. బస్సుల్లో రద్దీ, ఛార్జీల మీద కోపం, ఏటా తగ్గే ప్రయాణికులు. 2013లో బ్రెజిల్ అంతటా ఛార్జీలమీద లేచిన అల్లర్లు ఇక్కడా లేచాయి. మెట్రో వేస్తామని ఒకరి తర్వాత ఒకరు ప్రకటించారు, పట్టా పడలేదు.

ఈ నమూనాను మిగతా ప్రపంచం ఎలా వాడుకుంది? 2000 డిసెంబరులో కొలంబియా రాజధాని బొగోటా 'ట్రాన్స్‌మిలేనియో' బస్సులు మొదలుపెట్టి, జనాన్ని మోయడంలో కురిచీబాను మించింది. మన దేశంలో 2005 నాటి జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం డబ్బుతో బీఆర్‌టీఎస్ (బస్సుకు ప్రత్యేక దారి ఉండే వ్యవస్థ) అన్న మాట ఊరూరా వినిపించింది. ఢిల్లీ కారిడార్ 2008లో వచ్చింది; కార్లవాళ్ల గోల తట్టుకోలేక 2016లో దాన్ని పీకేశారు. అహ్మదాబాద్ 'జన్‌మార్గ్' 2009 నుంచి నడుస్తోంది. విజయవాడ, విశాఖపట్నం కూడా ఆ డబ్బుతో రోడ్లు వేశాయి. విజయవాడలో ఆ రోడ్డును ఇప్పటికీ బీఆర్‌టీఎస్ రోడ్డనే పిలుస్తారు. విశాఖలో పెందుర్తి, సింహాచలం కారిడార్లు విశాలమైన రోడ్లుగా పనికొస్తున్నాయి. రెండు చోట్లా బస్సుకు ప్రత్యేకమైన దారి ఊహించిన తీరుగా నిలబడలేదు.

దీన్ని డ్రైవర్ల క్రమశిక్షణ లోపమనో జనం బుద్ధి అనో తేల్చేయడం సులువు. కురిచీబా నుంచి మనవాళ్లు తెచ్చుకున్నది రంగు గీసిన బస్సు వరుస ఒక్కటే. ఆ వరుసకు అటూ ఇటూ ఇళ్లు ఎంత ఎత్తుండాలన్న నిర్ణయం రాలేదు. ఛార్జీలన్నీ ఒక ఖాతాలో పడే పద్ధతి రాలేదు. రోడ్డు, బస్సు, ఇల్లు మూడింటినీ ఒకేచోట కూర్చుని చూసే ఇప్పుక్ లాంటి సంస్థ రాలేదు. హైదరాబాదులో బస్సు ఆర్టీసీది, మెట్రో వేరే సంస్థది, ఇళ్ల అనుమతులు జీహెచ్ఎంసీ, హెచ్ఎండీఏల పని. పైగా 2006లో వచ్చిన నిబంధనలతో అక్కడ ఎఫ్ఎస్ఐ, అంటే ఒక స్థలంలో ఎంత కట్టవచ్చన్న పరిమితే ఎత్తేశారు. రోడ్డు వెడల్పును బట్టి ఎక్కడైనా ఆకాశమంత కట్టుకోవచ్చు. ఎక్కడైనా ఎత్తు కట్టుకోనిచ్చిన ఊళ్లో బస్సు దారి పక్కకు రమ్మని ఎవరినీ ఆకర్షించలేం. కోకాపేటలో మేడ కట్టినవాడు కారు కొంటాడు, ఇంకేం చేస్తాడు? చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి నడక బాట వేయడానికి మనకు రెండు దశాబ్దాలు పట్టింది. లెర్నర్ మూడు రోజుల్లో చేశాడని ఈసడించుకోవలసిన పనిలేదు. లాడ్‌బజారు గాజుల వ్యాపారిని, తోపుడుబండి మనిషిని కూర్చోబెట్టి మాట్లాడటానికి కొంత కాలం పడుతుంది, పట్టాలి కూడా. ఇరవై ఏళ్లు అందుకోసం ఖర్చయ్యాయా అన్నదే అనుమానం.

జైమీ లెర్నర్ 2021 మే 27న తన ఊళ్లోనే, 83 ఏళ్ల వయసులో పోయాడు. ఆర్కిటెక్టుగా ఆయన కట్టినవి చెప్పుకోదగ్గవి తక్కువ. గవర్నరుగా సాధారణం కన్నా కింద. నగర నిర్మాతగా ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పేద దేశాల్లో ఆయనతో పోల్చదగ్గ మనిషి నాకు తట్టడం లేదు. ఆ పని మొదలుపెట్టడానికి సైనిక ప్రభుత్వం ఇచ్చిన కుర్చీ కావలసి వచ్చిందన్న సంగతి ఆ మాట పక్కనే రాసుకోవాలి. ఎన్నికైన ప్రభుత్వాలతో అంత పని జరుగుతుందా అన్నది ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చని ప్రశ్న. 1988 తర్వాతి కురిచీబా జరుగుతుందనే అంటోంది, అదీ సగం గొంతుతో. మీ ఊళ్లో మళ్లీ బస్సు కారిడార్ ఫైలు కదిలితే, గొట్టం స్టాపు బొమ్మ చూసి మురిసిపోకండి. ఆ దారి పక్కన ఎన్ని అంతస్తులు కట్టనిస్తారో, ఇప్పుడక్కడ అద్దెకున్నవాళ్లు రేపు ఎక్కడుంటారో మీ కార్పొరేటర్‌ని అడగండి.